మల్లినాథుడి ఊరి మేనేజరు

మాది కుల్చారం. మెదక్ జిల్లాలో మండల కేంద్రం. ఊరి పేరు చెప్పగానే జైనులకి నల్లరాతి పార్శ్వనాథుడు గుర్తొస్తాడు. సంస్కృతం చదువుకున్నవాళ్ళకి కోలాచల మల్లినాథ సూరి గుర్తొస్తాడు. ఈ రెండూ తెలియనివాళ్ళు మెదక్ చర్చికి ఎంత దూరం అని అడుగుతారు. మల్లినాథుడు పద్నాలుగు, పదిహేను శతాబ్దాల నాటి మనిషి. కాళిదాసు కావ్యాలకీ, భారవికీ, మాఘుడికీ, శ్రీహర్షుడికీ వ్యాఖ్యానాలు రాశాడు. ఎదుటివాడి మాటకి అర్థం చెప్పినందుకే ఇన్ని వందల ఏళ్ళు పేరు నిలిచింది. కాళిదాసు కావ్యాల మీద తన వ్యాఖ్యలకి సంజీవని అని పేరెందుకు పెట్టాడో ఆయనే చెప్పుకున్నాడు. చెడ్డ వ్యాఖ్యానాల విషం తగిలి కవి మాట మూర్ఛపోయి ఉందట, దాన్ని లేపడానికి ఈ మందు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కూడా ఒట్టు పెట్టుకున్నంత గట్టిగా చెప్పాడు.

ఈ ఒట్టు నాకు పనికొచ్చింది మాత్రం చైనాలో, ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో. అక్కడ కొన్నేళ్ళు ప్రొడక్షన్ చూసుకున్నాను. సంస్థ పేరు ఇక్కడ అక్కర్లేదు.

తెలుగువాళ్ళు చైనాకి వెళ్ళి చైనావాళ్ళ చేత పని చేయించడమేమిటని ఇప్పటి కుర్రవాళ్ళు ఆశ్చర్యపోతారు. మందుల వ్యాపారం తెలిసినవాళ్ళకి ఇందులో వింత లేదు. బాలానగర్, జీడిమెట్ల, పటాన్‌చెరు, బొల్లారం, జిన్నారం ప్లాంట్లలో రియాక్టర్లలో పడే ముడిసరుకులో పెద్ద వాటా చైనా నుంచే వస్తుంది. సరుకు కొన్నవాడు కొన్నాళ్ళకి ఆ సరుకు పుట్టే చోటే అంగడి పెడదామనుకుంటాడు. డాక్టర్ రెడ్డీస్ వాళ్ళు షాంఘై పక్కనున్న కున్షాన్‌లో కెనడా సంస్థ రోటామ్‌తో కలిసి ఫ్యాక్టరీ నడిపారు. అరబిందో వాళ్ళు షాన్‌షీ రాష్ట్రంలో బొగ్గు గనుల ఊరైన దాతోంగ్‌లో పెన్సిలిన్-జి ప్లాంటు పెట్టి, తర్వాత దాన్ని చైనా ప్రభుత్వ సంస్థ సైనోఫార్మ్‌కి అమ్మేశారు. అదే పెన్సిలిన్-జిని ఇప్పుడు కాకినాడ దగ్గర లైఫియస్ పేరుతో చేస్తున్నారు, 2024లో మొదలైంది. సాఫ్ట్‌వేర్‌లో సత్యం వాళ్ళు షాంఘైలో, ఆ తర్వాత నాన్‌జింగ్‌లో కేంద్రాలు పెట్టారు. 2009 జనవరి 7న సత్యం అధిపతి రామలింగరాజు లెక్కలు దొంగవని ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం బయటికొచ్చాక ఆ కథ ఎటు పోయిందో మీకు తెలుసు. ఇన్ని చోట్ల మన గుంటూరు, నల్గొండ, మెదక్ మనుషులు చైనా ఆపరేటర్లకీ ఇంజినీర్లకీ పైన కూర్చున్నారు. వాళ్ళలో ఒక్కరూ దీని మీద నాలుగు ముక్కలు రాసినట్టు నా కంటపడలేదు. తెలుగు మేనేజర్లు రాసేది అప్రైజల్ ఒక్కటే.

వెళ్ళే ముందు హెచ్చార్ వాళ్ళు నాకో పుస్తకం ఇచ్చారు. చైనా ఉద్యోగులతో ఎలా మెలగాలో అమెరికావాళ్ళు అమెరికావాళ్ళ కోసం రాసింది. చైనావాళ్ళకి ముఖం ముఖ్యం, నలుగురిలో తప్పు ఎత్తి చూపకండి అంది. సంబంధాలు ముఖ్యం, భోజనాలకి వెళ్ళండి అంది. పెద్దవాళ్ళ ముందు నోరు విప్పరు, మౌనాన్ని ఒప్పుకోలు అనుకోకండి అంది. ఇవన్నీ అబద్ధాలు కావు. నిజాన్ని చదివే ఓపిక లేనివాడికి ఇచ్చే గైడు పుస్తకం అది. కన్ఫ్యూషియస్ పేరు అందులో అధ్యాయానికోసారి వస్తుంది. జీతం అనే మాట వెతికి చూసుకోవలసిందే.

మా చిన్నాయిన ఆ పుస్తకం చదవలేదు. నేను బయలుదేరే ముందు ఒకటే అడిగాడు. “గా చైనోల్లు నీ మాట ఇంటరా బిడ్డా? ఆల్ల బాస నీకు రాదాయె.”

“దుబాసి ఉంటడు చిన్నాయినా.”

“దుబాసోనికి జీతం ఎవ్వలిస్తరు?”

ఈ ప్రశ్న లోతు నాకు అక్కడికి వెళ్ళాక గానీ తెలియలేదు.

ఒక బ్యాచ్ ఫెయిలైంది. ఎండబెట్టిన పొడిలో సాల్వెంట్ మిగిలిపోయింది. డ్రయ్యర్‌ని అనుకున్న సమయం కంటే ముందే ఆపేస్తే తప్ప అలా జరగదు. రికార్డులో మాత్రం గంటలు సరిగ్గానే ఉన్నాయి. షిఫ్టు వాళ్ళందరినీ మీటింగ్ గదిలో కూర్చోబెట్టాం. ఒక్కొక్కరి ముందు మూత ఉన్న గాజు సీసా, అందులో వేడినీళ్ళు, నీళ్ళలో తేలే టీ ఆకులు. ఎవరు ఆపారు అని అడిగితే పన్నెండు మూతలు తెరుచుకున్నాయి, పన్నెండు మూతలు పడ్డాయి. మాట లేదు. దుబాసీ అమ్మాయి కూడా తన సీసాలోకే చూస్తోంది. హైదరాబాదు ఫోను చేస్తే అక్కడ మా పెద్దాయన నవ్వాడు. “అది వాళ్ళ కల్చర్ అయ్యా. ముఖం పోతుందని భయం. పుస్తకంలో ఉంది కదా!”

మందుల ఫ్యాక్టరీలో తప్పు జరిగితే ఒక ఫారం నింపాలి. అందులో రూట్ కాజ్ అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో ‘మానవ తప్పిదం’ అని రాసి చేతులు దులుపుకుంటే అమెరికా ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టరు ఊరుకోడు. మనిషి తప్పు చేశాడు సరే, ఎందుకు చేయగలిగాడు? చెయ్యడానికి వీలిచ్చింది ఏమిటి? అని అడుగుతాడు. మనం ఆ ఇన్‌స్పెక్టర్లని ఎన్ని తిట్టుకున్నా ఈ ఒక్క పట్టుదల మెచ్చుకోవాలి. ‘కల్చర్’ అని రాయడమూ అదే బాపతు. కారణం దొరకని చోట మూత పెట్టే మాట అది. మా ఊరి పెద్దమనిషి మల్లినాథుడు పెట్టుకున్న నియమానికీ, ఎఫ్‌డీఏ నియమానికీ నాకు తేడా కనిపించలేదు. మూలంలో ఉందా, లేదా?

అకౌంట్స్ చూసే ఆవిడని ఒక ఆపరేటరు జీతం చీటీ తెచ్చి, ఒక్కో వరసా చదివి చెప్పమన్నాను. ఆవిడ వేలు పెట్టి చదువుతూ పోయింది. మూల వేతనం తక్కువ, చాలా తక్కువ. దాని కింద రాత్రి షిఫ్టు భత్యం. దాని కింద నెలంతా ఒక్క రోజు కూడా మానకపోతే వచ్చే హాజరు డబ్బు. ఒక్క పూట ఆలస్యమైనా అది మొత్తం పోతుంది. తర్వాత పనితీరు బోనస్. తర్వాత బీమాలకి, ఇంటి నిధికి కోతలు. ఆ పనితీరు బోనస్ దగ్గర ఆవిడ వేలు ఆగింది. అది మనిషికి కాదు, జట్టుకి. ఒక షిఫ్టు మీద తప్పు తేలితే షిఫ్టంతటికీ కోత పడుతుంది. మాతో ఆ సమావేశానికి వచ్చిన దుబాసీ అమ్మాయిని కూడా లెక్కల కోసం ప్రొడక్షన్ జట్టులోనే వేశారు. ఆమె బోనసూ అక్కడే ముడిపడి ఉంది.

ఇప్పుడా గదిని మళ్ళీ ఊహించుకోండి. డ్రయ్యర్ ఎవరు ఆపారో చెప్పినవాడు తన పక్కనున్న పదకొండు మంది నెల డబ్బులో కోత పెట్టినవాడవుతాడు. ఆ రాత్రి ఆ పదకొండు మందితోనే డార్మిటరీలో పడుకోవాలి. పటాన్‌చెరులో ఇదే పద్ధతి పెడితే మనవాళ్ళు మాత్రం నోరు విప్పుతారా? మనవాళ్ళయితే మౌనంగా ఉండరు, అది నిజం. కరెంటు పోయిందంటారు, మిషను పాతదంటారు, మొన్ననే చెప్పాం సార్ అంటారు. అదీ మౌనమే, కాస్త చప్పుడు ఎక్కువ.

కొత్త నిబంధన పెట్టాం. తప్పు జరిగిన షిఫ్టులోనే తామే రాసిస్తే కోత లేదు. దాచి, తర్వాత బయటపడితేనే కోత. చైనా వైపు డిప్యూటీ మేనేజరు మొదట ఒప్పుకోలేదు. క్రమశిక్షణ పోతుందన్నాడు. ఆయన అంతకు ముందు ఇరవై ఏళ్ళు ప్రభుత్వ ఫ్యాక్టరీలో చేసిన మనిషి, కోతలతోనే పని నడుస్తుందని నమ్మకం. ఒక్క మూడు నెలలు చూద్దామని ఒప్పించాం. తప్పుల రిపోర్టులు, అంటే డీవియేషన్లు, కుప్పలుగా వచ్చిపడ్డాయి. డ్రయ్యర్ సంగతి కూడా అందులోనే తేలింది. తర్వాతి బ్యాచ్ కోసం సెంట్రిఫ్యూజ్ ఖాళీ చెయ్యమని పైనుంచి ఒత్తిడి, అందుకని డ్రయ్యర్‌లోది ముందే దించేవారు. ఆ ఒత్తిడి పెట్టింది మా ప్లానింగే. హైదరాబాదులో మాత్రం కంగారు మొదలైంది, “నువ్వెళ్ళాక డీవియేషన్లు పెరిగాయేమిటి?” అని.

ముఖం అనేదే లేదని నేననను. ఉంది. చైనావాడికున్నంత మనకూ ఉంది. పెళ్ళిలో బంతి వరస తప్పితే వియ్యంకుడు విస్తరి ముందు నుంచి లేచిపోయిన ఊళ్ళు మనవి. అయితే ముఖం కోసం మనిషి ఒక రోజు మాట్లాడకుండా ఉంటాడు. నెల నెలా మాట్లాడకుండా ఉన్నాడంటే దానికి వేరే లెక్క ఉంటుంది.

రెండో పాఠం పండగది. చైనావాళ్ళ కొత్త సంవత్సరం, వసంతోత్సవం, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. అప్పుడు ఆ దేశంలో రైళ్ళన్నీ ఊళ్ళవైపే పోతాయి. పండగ ముందు సంవత్సరాంతపు బోనస్ చేతికొస్తుంది. పండగ తర్వాత కొందరు తిరిగి రారు. ఫోను ఎత్తరు. పుస్తకం దీన్ని విధేయత లేకపోవడం అంటుంది. చైనాలో వ్యాపారం చేసే విదేశీయులు కాఫీ తాగుతూ చెప్పుకునే ఫిర్యాదుల్లో ఇది మొదటిది.

అసలు కారణం వేరు. 1958 నుంచి ఆ దేశంలో హుకౌ అనే నమోదు పద్ధతి ఉంది. నువ్వు ఏ ఊరి మనిషివో పుట్టుకతోనే రాసేస్తారు. పల్లె హుకౌ ఉన్నవాడు పట్నంలో ఇరవై ఏళ్ళు పనిచేసినా పట్నం మనిషి కాడు. కొంతకాలంగా సడలించారు, చిన్న పట్నాల్లో సులువైంది, పెద్ద నగరాల్లో కష్టమే. పిల్లల చదువు దగ్గర ముడి గట్టిగా బిగుసుకుంటుంది. కాలేజీ ప్రవేశానికి రాసే గావ్‌కావ్ పరీక్ష చాలావరకు సొంత హుకౌ ఉన్న రాష్ట్రంలోనే రాయాలి. అందుకని పిల్లల్ని ఊళ్ళో అవ్వాతాతల దగ్గర వదిలి తల్లీదండ్రీ ఫ్యాక్టరీకి వస్తారు. అలా ఊళ్ళలో మిగిలిన పిల్లలు ఆ దేశంలో కోట్ల మంది. ఏడాదికోసారి వెళ్ళినప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లవాడు తండ్రిని చూసి నానమ్మ వెనక దాక్కున్నాడనుకోండి, ఆ తండ్రి ఊరికి దగ్గరలో తక్కువ జీతానికైనా పని వెతుక్కుంటాడు. పండగ తర్వాత రానివాళ్ళలో చాలామంది కథ ఇదే.

ఇందులో నాకు కొత్తగా అనిపించింది ఏమీ లేదు. మా మెదక్, సిద్ధిపేట, కామారెడ్డి ఊళ్ళలో దుబాయి పోయిన తండ్రుల పిల్లలు ఇట్లాగే పెరిగారు. ఫోటో చూపించి ‘బాపు’ అని నేర్పించిన ఇళ్ళు మా వాడలోనే ఉన్నాయి. దుబాయి కంపెనీ మేనేజరు కూడా ఎక్కడో కూర్చుని, తెలంగాణవాళ్ళకి విధేయత లేదు, సెలవుకి పోయినవాడు తిరిగి రాడు అని పుస్తకం రాసి ఉంటాడు. అందులో మన కల్చర్ గురించి ఒక అధ్యాయం ఉండే ఉంటుంది.

అక్కడి ఫ్యాక్టరీలకి ఈ లెక్క మనకంటే బాగా తెలుసు. పండగ తర్వాత మొదటి రోజు పనిలోకి వచ్చినవాళ్ళకి ఎర్ర కవరులో డబ్బు పెట్టి ఇస్తారు. ఊళ్ళకి బస్సులు పెట్టి వెనక్కి తెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. మన పెద్దాఫీసుకి ఆ కవర్ల ఖర్చు ఏ పద్దులో వెయ్యాలో తెలియలేదు.

సెలవుల సంగతి ఇంకో చిత్రం. పండగకి వరసగా వారం సెలవు దొరకాలని అటూ ఇటూ శని, ఆదివారాలని పని దినాలుగా మారుస్తారు. ప్రభుత్వమే ఏటా ముందుగా జాబితా ప్రకటిస్తుంది. ఆదివారం పనికి జనం తిట్టుకుంటూ వస్తారు. మనవాళ్ళు ఆ జాబితా చూడకుండా ఆదివారం కదా అని హైదరాబాదులో పడుకుంటే, అక్కడ ప్లాంటు నడుస్తూ ఉంటుంది. సంతకం పెట్టేవాడు ఉండడు.

వయసు మళ్ళిన పనివాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి బాగా ఇష్టమైన మాట ‘రాసివ్వండి’. పంపు మార్చమన్నా రాసివ్వాలి, రేపటి షిఫ్టు మార్చినా రాసివ్వాలి. మనకి అలవాటు లేదు. “చూద్దాం లే, అయిపోతది” మీదే మన ఫ్యాక్టరీలు నడుస్తాయి. ఒక బాయిలర్ మేస్త్రీ, యాభై దాటినవాడు, నా నోటిమాట మీద వాల్వు కూడా తిప్పేవాడు కాదు. మొండివాడనుకున్నారు మావాళ్ళు. ఆయన పాత కథ అడిగితే తెలిసింది. ఊళ్ళోని ప్రభుత్వ ఎరువుల ఫ్యాక్టరీలో చేసేవాడు. ఇల్లు, బడి, ఆస్పత్రి, స్నానాల గది, అన్నీ ఫ్యాక్టరీవే. చచ్చేదాకా తిండికి లోటు ఉండదన్న భరోసా. 1990ల చివర ప్రభుత్వ ఫ్యాక్టరీలని మూసేసి, అమ్మేసి, కోట్ల మందిని ఇళ్ళకి పంపినప్పుడు ఈయనా రోడ్డున పడ్డాడు. మళ్ళీ పిలుస్తామన్నారు, బకాయిలు ఇస్తామన్నారు, అన్నీ నోటిమాటలే.

ఇది మా మెదక్ మనిషికి విడమర్చి చెప్పక్కర్లేదు. మంభోజిపల్లి చక్కెర ఫ్యాక్టరీ మాకు పక్కనే. నిజాం షుగర్స్‌లో భాగం. మంజీర నీళ్ళతో పండిన చెరుకు బండ్లు రోడ్డు పొడుగునా వరస కట్టేవి. 2002లో 51 శాతం ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేటలతో పాటు దానికీ లాకౌట్ ప్రకటించారు. తెరిపిస్తామన్న మాట ప్రతి ఎన్నికలకీ వినబడుతూనే ఉంది. ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషిని పట్టుకొచ్చి మీ కంపెనీలో పెట్టుకోండి, నోటిమాట నమ్ముతాడేమో చూడండి. అది మొండితనమూ కాదు, కన్ఫ్యూషియస్సూ కాదు.

ఆ ‘రాసివ్వండి’ వెనక చట్టం కూడా ఉంది. 2008 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న చైనా కార్మిక ఒప్పంద చట్టం ప్రకారం, పనిలో చేరిన నెల లోపు రాతపూర్వక ఒప్పందం ఇవ్వకపోతే రెట్టింపు జీతం కట్టాలి. రెండుసార్లు గడువు ఒప్పందం ముగిశాక మూడోసారి గడువు లేని ఒప్పందం అడిగే హక్కు పనివాడికి ఉంది. పనివాడి తప్పు లేకుండా తీసేస్తే చేసిన ఏడాదికి ఒక నెల జీతం లెక్కన ఇవ్వాలి. అమలు ఎక్కడ ఎంతన్నది వేరే సంగతి, కానీ కుర్ర ఆపరేటర్లకి కూడా ఈ చట్టం నోటికొచ్చు. కాంట్రాక్టరు గుమాస్తా మస్టరు మీద వేలిముద్ర పెట్టించుకునే చోటు నుంచి వెళ్ళిన మావాళ్ళకి చెమటలు పట్టాయి. కమ్యూనిస్టు దేశం కాబట్టి యూనియన్ గొడవ ఎక్కువుంటుందని భయపడి వెళ్ళినవాళ్ళకి ఇంకో ఆశ్చర్యం. యూనియన్ ఉంటుంది, జీతాల మొత్తంలో రెండు శాతం యాజమాన్యమే దానికి కట్టాలి. చాలా చోట్ల దాని అధ్యక్షుడు హెచ్చార్ మేనేజరే. పండగకి నూనె డబ్బా, బియ్యం సంచి పంచుతుంది. పనివాళ్ళ అసలు యూనియన్ వీచాట్ గ్రూపులో ఉంటుంది, అందులో మేనేజరు ఉండడు.

భోజనాల గురించి పుస్తకం చెప్పింది మాత్రం నిజం. గుండ్రటి బల్ల, తలుపుకి ఎదురుగా ఉన్న కుర్చీ పెద్దవాడిది, బైజ్యూ అనే నిప్పులాంటి సారా చిన్న చిన్న గ్లాసుల్లో. ఒక్కొక్కరూ లేచి వచ్చి గ్లాసు తాకిస్తారు, చిన్నవాడి గ్లాసు అంచు పెద్దవాడి గ్లాసు కంటే కిందికి ఉండాలి. కల్లు కాంపౌండులో పెరిగిన మెదక్ మనిషి ఈ పరీక్షలో తప్పడు. తాగనివాళ్ళు మొదటి గ్లాసుకే నేను తాగనని చెప్పి టీతో కానిస్తే ఎవరూ ఏమీ అనుకోరు. రెండు తాగి మూడోది వద్దన్నవాడితోనే పేచీ.

కొత్త తరం ఈ భోజనాలకి రానంటోంది. వాళ్ళ గొడవ పనిగంటల మీద. పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా, వారానికి 6 రోజులు, దీనికే 996 అని పేరు. 2019లో ప్రోగ్రామర్లు గిట్‌హబ్‌లో దీనికి వ్యతిరేకంగా పెద్ద జాబితానే నడిపారు. అలీబాబా అధిపతి జాక్ మా అది వరమన్నాడు. 2021 ఆగస్టులో చైనా సుప్రీం పీపుల్స్ కోర్టు అది చట్టవిరుద్ధమని తేల్చి చెప్పింది. అదే ఏడాది అక్కడి కుర్రకారు ఏ పోటీ వద్దు, వెల్లకిలా పడుకుంటామని ఒక నినాదం ఎత్తుకుంది. మన దగ్గర 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి వారానికి 70 గంటలన్నారు, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ సుబ్రహ్మణ్యన్ 90 అన్నారు. అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటల పనికి అనుమతిచ్చింది, వారానికి 48 దాటకూడదని షరతు పెట్టి. చైనావాళ్ళు పుట్టుకతోనే కష్టజీవులని నమ్మే పెద్దమనుషులు ఆ కోర్టు తీర్పు చదివితే మంచిది. వాళ్ళకీ నడుము నొప్పి వస్తుంది.

గల్వాన్ సంగతి ఎత్తకుండా చైనా గురించి తెలుగులో రాయడం కష్టం. 2020 జూన్ 15 రాత్రి అక్కడి సరిహద్దు ఘర్షణలో పోయినవాళ్ళలో కల్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట మనిషి. ఆ తర్వాత వీసాలు బిగుసుకున్నాయి, కరోనాకి ఆగిన సూటి విమానాలు ఐదేళ్ళ తర్వాత 2025 అక్టోబరులో గానీ మళ్ళీ మొదలు కాలేదు. రెండు ప్రభుత్వాల మధ్య నడిచేది నేను తీర్చగలిగింది కాదు. ఆ రోజుల్లో కూడా ఫ్యాక్టరీలో షిఫ్టులు మారాయి. ఎవరూ ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇది కల్చరా, వివేకమా, ఉద్యోగభయమా అంటే మూడోదానికే నా ఓటు.

ఇప్పుడు చక్రం ఇటు తిరిగింది. వన్‌ప్లస్ 2019లో నానక్‌రామ్‌గూడలో పరిశోధన కేంద్రం తెరిచింది. హైదరాబాదు రోడ్ల మీద తిరిగే ఓలెక్ట్రా కరెంటు బస్సుల వెనక చైనా బీవైడీ సాంకేతికత ఉంది. ఫాక్స్‌కాన్ తైవాన్ సంస్థే అయినా దక్షిణాదిన ఐఫోన్లు చేసే ప్లాంట్లలో పెట్టుకున్న చైనా ఇంజినీర్లని మూడు వందల మందికి పైగా 2025లో వెనక్కి పిలిపించిందని వార్తలొచ్చాయి. అలాంటి చైనా మేనేజరు ఒకడు మన గురించి పుస్తకం రాస్తే ఎలా ఉంటుందని నేను అప్పుడప్పుడు ఆలోచిస్తాను. తెలుగువాళ్ళు జూన్, జూలైల్లో పనికి ఎగ్గొడతారు, నిలకడ లేదు అని రాస్తాడు. వానలు పడ్డాయనీ, ఆపరేటరుకి ఊళ్ళో ఎకరం పొలం ఉందనీ, నాట్లకి మనిషి దొరకడనీ రాయడు. దసరా ముందు రోజు మిషన్లన్నీ ఆపి పసుపు కుంకుమలు పెడతారని రాస్తాడు, ఏడాదంతా అందని మెయింటెనెన్సు ఆ ఒక్క పూటే మిషనుకి అందుతుందని రాయడు. తల అడ్డంగా ఊపితే సరే అని అర్థమన్న ముక్క మొదటి పేజీలోనే వేస్తాడు.

వెనక్కి పోతే ఇంకో చైనా మనిషి మన దగ్గరికి వచ్చాడు. ఏడో శతాబ్దంలో ధాన్యకటకానికి, అంటే మన అమరావతికి, వచ్చిన హ్యూయాన్‌త్సాంగ్. అక్కడ ఇద్దరు భిక్షువుల దగ్గర కూర్చుని వాళ్ళ శాస్త్రం నెలల తరబడి చదివాడు, తనకొచ్చిన మహాయాన శాస్త్రం వాళ్ళకి చెప్పాడు. ఆయన ముందు భాష నేర్చుకుని వచ్చాడు. మేము మూడు నెలల వీసా మీద వెళ్ళి మూడో రోజు మీటింగు పెడతాం.

అందుకే బంజారాహిల్స్‌లోనో, డాలస్‌లోనో కూర్చుని సుజౌలో, చెంగ్‌దూలో ఉన్న జట్టుని నడపబోతున్న మన పిల్లలకి నేను చెప్పేది కొంచెమే. కల్చర్ పుస్తకం కొనే ముందు మూడు కాగితాలు తెప్పించుకోండి. జీతం చీటీ, ఒప్పందం, ఆ ఏటి సెలవుల జాబితా. అవి పక్కన కూర్చుని చదివి చెప్పేవాడు ఎవరో, వాడి జీతం ఎక్కడి నుంచి వస్తుందో కూడా కనుక్కోండి. అవి చదివాక కూడా అర్థం కానిది ఏదైనా మిగిలితే అప్పుడు కన్ఫ్యూషియస్‌ని పిలవొచ్చు.

హైదరాబాదులో ఉన్నవాళ్ళకి ఇంకొక్క మాట. చైనా అంతటికీ గడియారం ఒకటే, బీజింగ్ సమయం, మనకంటే రెండున్నర గంటలు ముందు. మీరు పొద్దున పదింటికి హుషారుగా పెట్టే కాల్, వాళ్ళకి మధ్యాహ్నం పన్నెండున్నర. అప్పటికి తినేసి, దీపాలార్పి, బల్ల మీద చిన్న దిండు పెట్టుకుని తల వాల్చి ఉంటారు. ఆ కునుకు చిన్నప్పటి నుంచి బడిలో నేర్పినది. ఆ వేళ లేపితే వాళ్ళు నిజంగానే మాట్లాడరు. ఆ కాల్‌ని పదకొండున్నరకి మార్చండి.